పాలారు తీరం నుంచి కౌండిన్య అభయారణ్యం దాకా: రామకుప్పం ప్రాంత సైకిల్ దారులు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

చిత్తూరు జిల్లా రామకుప్పం మండలం కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు చేరువలో, పాలారు పరీవాహక ప్రాంతంలో, కౌండిన్య అభయారణ్యాన్ని ఆనుకొని ఉంది. నదీతీరాల వెంట, రక్షిత అటవీభూముల గుండా సాగే సైకిల్ యాత్రకు ఇటీవల ఆదరణ పెరుగుతున్న నేపథ్యంలో, అటువంటి యాత్రకు ఆధారం కావలసిన దారులు ఈ ప్రాంతంలో చారిత్రకంగా ఎలా ఏర్పడ్డాయి, ఎవరి హక్కులో ఉన్నాయి అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఏటి దారి, చెరువుకట్ట, కనుమ, అటవీ హద్దు, ఏనుగుల బాట అనే అయిదు అంశాల ఆధారంగా చర్చ సాగుతుంది.

కీలకపదాలు: పాలారు, రామకుప్పం, కౌండిన్య అభయారణ్యం, దారిహక్కు, సైకిల్ యాత్ర, ఏనుగులు.

1. ఉపోద్ఘాతం:

సైకిల్‌పై దూరప్రయాణం చేయడం భారతదేశానికి కొత్త కాదు. 1884లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బయలుదేరిన థామస్ స్టీవెన్స్ తన ప్రపంచయాత్రలో భాగంగా లాహోరు నుంచి కలకత్తా వరకు గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీదుగా ప్రయాణించాడు. 1923 అక్టోబరులో బొంబాయి నుంచి బయలుదేరిన పార్శీ యువకుల బృందంలో అది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగారా అనే ముగ్గురు ప్రపంచాన్ని చుట్టి 1928 మార్చిలో తిరిగివచ్చారు. ఈ యాత్రల చరిత్ర ప్రధానంగా రహదారుల చరిత్ర, సాహసికుల చరిత్ర. నదీతీరపు కాలిబాటల మీద, అడవి అంచు దారుల మీద సైకిల్ చరిత్రను వెతకాలంటే యాత్రికుణ్ణి కాక దారినే కేంద్రంగా తీసుకోవలసి ఉంటుంది. ఆ దారిని ఎవరు వేశారు? ఎవరు మూశారు? ఇప్పుడు దానిమీద ఎవరికి నడిచే హక్కుంది? రామకుప్పం ప్రాంతంలో ఈ మూడు ప్రశ్నలకూ విడివిడిగా సమాధానాలు లభిస్తాయి.

2. ఏరు – కట్ట – కనుమ:

పాలారు కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి కోలారు జిల్లా గుండా ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశించి, కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడుకు చేరి, చివరకు బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని మొత్తం పొడవు సుమారు 348 కిలోమీటర్లు. అందులో కర్ణాటకలో 93, ఆంధ్రప్రదేశ్‌లో 33, తమిళనాడులో 222 కిలోమీటర్లు ఉన్నాయి. 'పాల్' 'ఆఱు' కలిసి ఏర్పడిన తమిళ నామమిది. తెలుగులో 'ఏరు'తో ముగిసే 'పాలేరు' దీనికి సోదరరూపం. రామకుప్పం, కుప్పం అనే ఊరిపేర్లలోని 'కుప్పం' కూడా పల్లె అనే అర్థంలో ఈ ద్విభాషా సరిహద్దు స్వభావాన్నే సూచిస్తుంది.

ఐరోపాలో నదీతీర సైకిల్ మార్గాలకు ఒక ప్రత్యేకమైన పుట్టుక ఉంది. డాన్యూబ్ వంటి నదుల్లో ప్రవాహానికి ఎదురుగా పడవలను గుర్రాలతో లాగించేవారు. అందుకోసం ఒడ్డు వెంట వేసిన సమతలమైన దారులే ఆవిరి పడవల రాకతో నిరుపయోగమై, తరువాతి కాలంలో సైకిల్ మార్గాలుగా మారాయి. తెలుగునాట దీనికి సమీపమైన ఉదాహరణ కోస్తా డెల్టాలో కనిపిస్తుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్టల కింద తవ్విన కాలువలు సాగునీటికే కాక పడవల రవాణాకూ ఉపయోగపడ్డాయి. మనుషులు తాళ్లతో పడవలను లాగుతూ నడిచిన కాలువగట్లే క్రమంగా సైకిళ్లకూ బండ్లకూ దారులయ్యాయి.

పాలారు ఇందుకు పూర్తిగా భిన్నం. ఇది వర్షాధారమైన ఇసుక ఏరు. ఏడాదిలో ఎక్కువ భాగం ఉపరితలంపై ప్రవాహం ఉండదు. పడవ నడవని ఏటికి పడవదారి ఉండదు. కనుక ఇక్కడ నదీతీర మార్గమంటే ఏటి పొడవునా సాగే ఒకే బాట కాదు. పొలంగట్టు మీదుగా వచ్చి, బండిబాటలో కలిసి, ఇసుకలోకి దిగి, అవతలి గట్టెక్కే తునకల వరుస అది. దారి ఏటివెంట కంటే ఏటికి అడ్డంగా సాగుతుంది. సీమ వ్యవహారంలోని 'దావ', 'వంక', 'కట్ట' అనే మాటలు ఈ భూస్వరూపానికి సరిపోయినవి. వంకలను దాటే చోట దావ విరుగుతుంది. చెరువుకట్ట వచ్చినచోట మళ్లీ నిలకడగా సాగుతుంది. సంవత్సరం పొడవునా గట్టిగా, ఎత్తుగా, సమతలంగా ఉండే దారి ఈ ప్రాంతంలో చెరువుకట్టే. కోస్తాలో కాలువగట్టు నిర్వహించిన పాత్రను ఇక్కడ చెరువుకట్ట నిర్వహించిందని చెప్పవచ్చు.

పీఠభూమి అంచున ఉన్న ఈ ప్రాంతం నుంచి కింది మైదానానికి దిగే కనుమలు మరో ముఖ్యమైన మార్గవ్యవస్థ. పలమనేరు నుంచి చిత్తూరు వైపు దిగే మొగిలి కనుమ, వెంకటగిరికోట ప్రాంతాన్ని ఆంబూరు వైపుతో కలిపే నాయకనేరి కనుమ మైసూరు పీఠభూమికీ కర్ణాటక మైదానానికీ మధ్య సేనలు, వర్తకులు, పశువులు నడిచిన దారులు. 1864లో బెంగళూరు – జోలార్‌పేట రైలుమార్గం ఏర్పడిన తరువాత దూరపు సరకు రవాణా రైలుకు మళ్లింది. ఆ మార్గంలోని కుప్పం స్టేషనుకు చేరడానికి ఊళ్ల నుంచి వచ్చే పొట్టి దారులకు ప్రాధాన్యం పెరిగింది. తరువాతి కాలంలో సైకిల్ అందిపుచ్చుకొన్నది ఈ పొట్టి దారులనే.

3. అడవి హద్దు – దారిహక్కు:

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేనాటికి కుప్పం పరిసరాలు కంగుంది జమీందారీలో భాగం. ప్రభుత్వ అడవులకు 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వర్తించింది. ఒక అడవిని రిజర్వు చేసే ముందు అటవీ సెటిల్మెంటు అధికారి ప్రజల హక్కులను విచారించాలని ఆ చట్టం నిర్దేశించింది. మేత, అటవీ ఉత్పత్తులు, నీటి వాడకంతోపాటు దారిహక్కు కూడా ఆ జాబితాలో ఉంది. అంటే అడవిలోని కాలిబాట అప్పటివరకు అందరూ వాడుకొన్న వాడుక మాత్రమే కాగా, ఈ చట్టంతో అది నిరూపించుకోవలసిన హక్కుగా మారింది. నిరూపణ అయిన దారి నమోదైంది. కాని దారి కాగితం మీద లేకుండా పోయింది. జమీందారీ అడవులు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతే ప్రభుత్వ యాజమాన్యంలోకి వచ్చాయి. అందువల్ల ఒకే కొండవరుసలో పక్కపక్కనే ఉన్న దారులకు వేర్వేరు చట్టచరిత్రలు ఏర్పడే అవకాశం కలిగింది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ స్థితిని మరో దశకు తీసుకువెళ్లింది. ఆ చట్టం కింద 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పాలారు ఉపనదులైన కౌండిన్య, కైగల్ దీని గుండా ప్రవహిస్తాయి. చట్టంలోని 27వ సెక్షన్ అభయారణ్య ప్రవేశాన్ని పరిమితం చేస్తూనే కొందరికి మినహాయింపు ఇస్తుంది. విధి నిర్వహణలోని ప్రభుత్వోద్యోగి, లోపల స్థిరాస్తి హక్కు ఉన్న వ్యక్తి, ప్రజారహదారి వెంట వెళ్లే వ్యక్తి వీరిలో ఉన్నారు. 28వ సెక్షన్ అధ్యయనం, ఛాయాగ్రహణం, పర్యాటకం వంటి ప్రయోజనాలకు అనుమతిపత్రం ఇచ్చే వీలు కల్పిస్తుంది.

ఈ రెండు సెక్షన్లను కలిపి చదివితే సైకిల్ యాత్రికుని చట్టస్థితి స్పష్టమవుతుంది. పలమనేరు – కుప్పం రోడ్డు వంటి రహదారిపై అడవిని దాటే సైకిలిస్టు సాధారణ ప్రయాణికుడు. అతడే తారు దిగి ఏటి ఒడ్డు బాట పట్టి అభయారణ్యంలోకి మళ్లితే అనుమతి అవసరమైన పర్యాటకుడవుతాడు. అదే బాటపై తన పొలానికి వెళ్లే రైతుకు వర్తించే నియమం వేరు. ఒకే బాట, ఒకే వాహనం, కాని ముగ్గురికి మూడు హోదాలు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిపై ఆధారపడిన సముదాయాల హక్కులను గుర్తించడంతో ఈ చర్చకు మరింత ప్రాధాన్యం ఏర్పడింది.

4. ఏనుగుల బాట:

ఈ అభయారణ్యం ఏర్పాటుకు ప్రధాన కారణం ఏనుగుల రాక. దాదాపు 200 ఏళ్లుగా అడవి ఏనుగుల ఉనికి లేని ఈ ప్రాంతానికి 1980 దశకం మధ్యలో హోసూరు – కృష్ణగిరి అడవుల వైపు నుంచి గుంపులు వలస వచ్చాయి. కరవు, ఆవాసాల విచ్ఛిన్నం ఈ వలసకు దారితీసిన పరిస్థితులుగా పేర్కొనబడ్డాయి. ఇక్కడి అడవి ప్రధానంగా శుష్క ఆకురాల్చే రకం, ముళ్లపొదలతో కూడినది. వేసవిలో మేత, నీరు రెండూ తగ్గుతాయి. అడవి అంచునే వరి, చెరకు, రాగి, అరటి, మామిడి ఉన్నప్పుడు ఏనుగు పొలానికి రావడం సహజ పరిణామం. 2003లో ప్రకటించిన రాయల ఏనుగుల రిజర్వు ఈ ప్రాంతాన్ని విస్తృత ఆవాసంగా గుర్తించింది. రామకుప్పం మండలంలోని ననియాల ఏనుగుల శిబిరం, అక్కడి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులు అడవి గుంపులను ఊళ్ల నుంచి మళ్లించే ప్రయత్నంలో భాగాలు. కందకాలు, సౌరవిద్యుత్ కంచెలు కూడా అదే ప్రయత్నంలో భాగంగా వచ్చాయి.

దారుల చరిత్ర దృష్టితో చూస్తే ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది. మనిషి సులభమని ఎంచుకొన్న వంకదారి, ఏటి ఇసుక, చెరువు అంచులే ఏనుగుకూ సులభమైనవి. రెండింటికీ కావలసింది తక్కువ వాలు, నీటి చేరువ. కనుక ఏనుగుల బాట, మనుషుల బాట ఒకదానితో ఒకటి ఢీకొనడం ప్రమాదవశాత్తు జరిగేది కాదు, భూస్వరూపమే నిర్ణయించినది. తరతరాలుగా ఏనుగు జ్ఞాపకం లేని పల్లెలు ఒక్క దశాబ్దంలో పొద్దు గూకిన తరువాత దారిని దానికి వదలడం నేర్చుకోవలసి వచ్చింది. పంటనష్టంతోపాటు ప్రాణనష్టం, విద్యుదాఘాతాలతో ఏనుగుల మరణాలు ఈ పరిణామానికి రెండువైపులా చెల్లిస్తున్న మూల్యం.

5. ఊరి సైకిల్:

స్వాతంత్ర్యానంతరం దేశీయ తయారీ పెరగడంతో సైకిల్ పల్లెకు చేరింది. 1949లో మద్రాసులో ఏర్పడిన టి.ఐ. సైకిల్స్, 1951లో సోనిపట్‌లో ఆరంభమైన అట్లాస్, 1956లో లూధియానాలో ఆరంభమైన హీరో సంస్థలు ఇందులో ముఖ్యమైనవి. అంతకుముందు రాలీ, హెర్క్యులిస్ వంటి ఆంగ్లేయ సైకిళ్లు ఉద్యోగులకు, సంపన్నులకు పరిమితం. పల్లెల్లో సైకిల్ మొదట వాహనం కాదు, పనిముట్టు. పాలక్యాన్లు, పట్టుపురుగుల మేతకు మల్బరీ ఆకు, సంతకు కూరగాయల మూటలు మోయడానికి వీలుగా వెనుక బరువైన క్యారియరు బిగించేవారు. గంటల లెక్కన సైకిల్ అద్దెకిచ్చి, పంక్చర్లు వేసే అంగడి ప్రతి పెద్ద ఊరిలోనూ ఒక సాంఘిక కేంద్రం. లైటు లేకుండా రాత్రిపూట సైకిల్ తొక్కితే పోలీసులు జరిమానా వేసిన కాలం ఇంకా పెద్దల స్మృతిలో ఉంది.

1982లో ఆవిర్భవించిన తెలుగుదేశం పార్టీ సైకిల్‌ను గుర్తుగా స్వీకరించడం సామాన్యుని వాహనమన్న భావనకు రాజకీయ నిదర్శనం. ఆడపిల్లల చదువు కొనసాగడానికి ప్రభుత్వాలు ఉన్నత పాఠశాలల విద్యార్థినులకు సైకిళ్లు పంపిణీ చేయడం తరువాతి దశ. అడవి అంచు పల్లెలో ఆ సైకిల్ అర్థం మరింత గాఢమైనది. బడి విడిచే వేళకూ ఏనుగులు అడవి వీడే వేళకూ మధ్య ఉన్న కొద్ది వ్యవధిలో ఇల్లు చేరడం కాలినడకన సాధ్యం కాని చోట సైకిల్ సాధ్యం చేస్తుంది. మోటారు సైకిల్ విస్తరణతో పురుషుల చేతి నుంచి సైకిల్ జారిపోయినా, విద్యార్థినులకు, పేదలకు దాని అవసరం తీరలేదు. పర్యాటకుని సైకిల్‌ను చర్చించేటప్పుడు ఈ సైకిల్‌ను విస్మరించడం చరిత్రకు న్యాయం కాదు.

6. యాత్రాదారి – సాధ్యాసాధ్యాలు:

రక్షిత ప్రాంతాల్లో సైకిల్ వాడకానికి భారతదేశంలో ప్రసిద్ధ ఉదాహరణ భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ జాతీయోద్యానం. మోటారు వాహనాలకు ప్రత్యామ్నాయంగా అక్కడ సందర్శకులు సైకిళ్లు, సైకిల్ రిక్షాలపై పక్షులను చూస్తారు. చప్పుడు లేకపోవడమే అక్కడ సైకిల్ గొప్పతనం. అయితే ఆ నమూనాను కౌండిన్యకు యథాతథంగా అన్వయించడం కుదరదు. కేవలాదేవ్ చదునైన చిత్తడి నేల, అక్కడ అడవి ఏనుగులు లేవు. కౌండిన్య ముళ్లపొదల మలుపుల్లో చప్పుడు చేయని వాహనం ఏనుగుకు ముందస్తు హెచ్చరిక ఇవ్వదు. పక్షి దగ్గర గుణమైన నిశ్శబ్దం ఏనుగు దగ్గర దోషమవుతుంది.

మరోవైపు కొత్త నీటిదారి ఒకటి ఏర్పడింది. హంద్రీ–నీవా పథకంలోని కుప్పం బ్రాంచి కాలువ ద్వారా 2025 ఆగస్టులో కృష్ణా జలాలు కుప్పం ప్రాంతానికి చేరాయి. కోస్తా డెల్టాలో పందొమ్మిదవ శతాబ్దంలో కాలువగట్టు దారిగా మారిన పరిణామం ఇక్కడ ఇప్పుడు మొదలయ్యే అవకాశం ఉంది. పాలారుకు చరిత్ర ఇవ్వని నిడుపాటి సమతల మార్గాన్ని కాలువగట్టు ఇవ్వగలదు. అభయారణ్యం బయట, పొలాల మధ్య సాగే కాలువగట్లు, చెరువుకట్టలు, పంచాయతీ రోడ్లను కలిపితే, అడవి లోపలికి వెళ్లకుండా అడవిని చూస్తూ సాగే యాత్రాదారి ఏర్పడుతుంది. కైగల్ జలపాతం వంటి సందర్శన స్థలాలను రహదారి వైపు నుంచే, పగటివేళలోనే దానితో కలపవచ్చు.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. రామకుప్పం ప్రాంతంలో నదీతీర మార్గం ఏటివెంట సాగే ఒకే బాట కాదు. ఏటిని దాటే దావలు, చెరువుకట్టలు, కనుమల సముదాయం. కాబట్టి ఐరోపా నదీతీర నమూనా ఇక్కడికి నేరుగా వర్తించదు.

2. 1882, 1972, 2006 నాటి చట్టాలు అడవిదారిని వాడుక నుంచి హక్కుగా, హక్కు నుంచి అనుమతిగా, తిరిగి సముదాయ హక్కు చర్చగా మార్చాయి.

3. 1980 దశకంలో ఏనుగుల రాక దారికి కాలపరిమితిని తెచ్చింది. ఇక్కడ పగటి బాట మనిషిది, రాత్రి బాట ఏనుగుది. ఏ యాత్రా ప్రణాళిక అయినా ఈ విభజనను అంగీకరించాలి.

4. యాత్రికుని సైకిల్ కోసం వేసే దారి మొదట బడికి వెళ్లే విద్యార్థినికి, పొలానికి వెళ్లే రైతుకు ఉపయోగపడాలి. వారికి మూసిన బాటను టిక్కెట్టుపై పర్యాటకునికి తెరవడం ఈ నేల దారుల చరిత్రకు విరుద్ధం.