హ్యూమిడార్ సీజనింగ్

హ్యూమిడార్ అనగా సిగార్లను తగినంత తేమలో నిలవ ఉంచడానికి వాడే, మూత బిగుతుగా పడే పెట్టె. కొత్త హ్యూమిడార్‌లో సిగార్లు పెట్టడానికి ముందు దాని లోపలి చెక్కకు నెమ్మదిగా తేమ పట్టించే ప్రక్రియను సీజనింగ్ అంటారు. దీనికి సాధారణంగా ఒకటి నుండి రెండు వారాలు పడుతుంది. ఈ పని చేయకుండా సిగార్లు పెడితే, పొడిగా ఉన్న చెక్క వాటిలోని తేమను లాగివేస్తుంది. అప్పుడు సిగార్ల పై ఆకు పెళుసుబారి పగులుతుంది, వాటి పరిమళం తగ్గిపోతుంది.

పేరు

తేమ గల అనే అర్థమున్న 'హ్యూమిడ్' అనే ఆంగ్లపదం నుండి హ్యూమిడార్ అనే మాట ఏర్పడింది. వడ్రంగంలో సీజనింగ్ అంటే పచ్చి కలపను ఆరబెట్టి దానిలోని తేమను తగ్గించడం. హ్యూమిడార్ విషయంలో ఇదే మాటకు అర్థం తలక్రిందులవుతుంది. ఇక్కడ ఆరిన చెక్కకు తిరిగి తేమను ఇస్తారు. కొత్త మట్టికుండను వాడే ముందు నీటిలో నానబెట్టడం వంటిదే ఈ పని. అయితే కుండ వలె చెక్కను నేరుగా తడపకూడదు.

పెట్టె నిర్మాణం

హ్యూమిడార్ వెలుపలి భాగాన్ని ఏ కలపతోనైనా చేయవచ్చు. లోపలి పొరకు మాత్రం ఎక్కువగా స్పానిష్ సీడర్ అనే కలపను వాడుతారు. పేరులో స్పానిష్ అని ఉన్నా ఈ చెట్టు స్పెయిన్ దేశానిది కాదు, సీడర్ అని ఉన్నా దేవదారు జాతికి చెందదు. దీని శాస్త్రీయ నామం సెడ్రెలా ఒడొరాటా. ఇది మెక్సికో నుండి దక్షిణ అమెరికా వరకు, కరీబియన్ దీవులలోను పెరుగుతుంది. వేప, మహాగని చెట్ల వలె ఇది కూడా మీలియేసి కుటుంబానికి చెందినది. ఈ కలప తేమను బాగా పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది. దీని వాసన పొగాకుకు నప్పుతుంది. అడవులలో ఈ చెట్లు తరిగిపోతున్నందున, అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందపు రెండవ అనుబంధంలో సెడ్రెలా ప్రజాతిని చేర్చాలని 2019లో నిర్ణయించారు.

పెట్టెలో చెక్కతో పాటు మరో రెండు భాగాలు ఉంటాయి. తేమను అందించే పరికరం ఒకటి, తేమను కొలిచే ఆర్ద్రతామాపకం (హైగ్రోమీటర్) మరొకటి.

సీజనింగ్ ఎందుకు అవసరం

సిగార్లను నిలవ చేయడానికి 65 నుండి 72 శాతం సాపేక్ష ఆర్ద్రత, 18 నుండి 21 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలమని భావిస్తారు. పెట్టెలోని గాలికి తేమ చేరిస్తే సరిపోతుందని తోచవచ్చు. కాని తేమలో ఎక్కువ భాగం నిలవ ఉండేది గాలిలో కాదు, చెక్కలోను పొగాకులోను.

21 డిగ్రీల వద్ద, 70 శాతం ఆర్ద్రతలో 10 లీటర్ల గాలిలో ఉండే నీరు సుమారు 0.13 గ్రాములు మాత్రమే. అదే ఆర్ద్రతలో చెక్క తన పొడి బరువులో సుమారు 13 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. పొడి వాతావరణంలో ఉన్న కొత్త పెట్టె చెక్కలో 7 శాతమే ఉన్నదనుకుంటే, ఒక కిలో చెక్కకు ఇంకా 60 గ్రాముల నీరు కావాలి. 10 గ్రాముల సిగార్‌లో ఉండే నీరు ఒక గ్రాముకు కొంచెం మాత్రమే ఎక్కువ. అంటే ఆ చెక్క దాహం తీరడానికి కావలసిన నీరు దాదాపు 50 సిగార్లలోని మొత్తం నీటితో సమానం.

కొత్త పెట్టెలో ఆర్ద్రతామాపకం ఒక పూటలోనే 70 శాతం చూపవచ్చు. అది గాలిలోని తేమ మాత్రమే. చెక్క ఇంకా పొడిగా ఉంటే ఆ సంఖ్య త్వరలోనే పడిపోతుంది.

ముందుగా చేయవలసిన పరీక్షలు

మూత పరీక్ష: మూత అంచున సన్నని కాగితం ముక్కను ఉంచి మూసి, మెల్లగా లాగి చూడాలి. కాగితం అన్ని వైపులా ఒకే బిగువుతో పట్టి ఉండాలి. చీకటి గదిలో చిన్న టార్చిలైటును లోపల వెలిగించి ఉంచి, వెలుతురు బయటకు వస్తున్నదేమో చూడటం మరో పద్ధతి. మూత సరిగా పడని పెట్టెకు ఎంత సీజనింగ్ చేసినా తేమ నిలవదు.

ఆర్ద్రతామాపకం పరీక్ష: ముల్లు తిరిగే పరికరాలు, అంకెలు చూపే పరికరాలు రెండూ తప్పు చూపవచ్చు. ఒక సీసా మూతలో వంటఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత వరకు మాత్రమే నీటి చుక్కలు కలపాలి. ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు. దీనిని పరికరంతో పాటు గాలి చొరబడని ప్లాస్టిక్ సంచిలో ఉంచి, ఒక రోజు తరువాత చూడాలి. సంతృప్త ఉప్పు ద్రావణం పైన ఉండే గాలిలో ఆర్ద్రత 25 డిగ్రీల వద్ద 75 శాతంగా స్థిరపడుతుంది. పరికరం 72 చూపితే, ఇకపై అది చూపే ప్రతి సంఖ్యకు 3 కలుపుకోవాలి.

పద్ధతులు

నీటి గిన్నె పద్ధతి

ఇది అన్నిటికంటె సులభమైనది, ప్రమాదం తక్కువగా ఉన్నది.
1. పెట్టె లోపలి దుమ్మును పొడి గుడ్డతో తుడవాలి. సబ్బు, అత్తరు, వార్నిష్ వంటివి వాడకూడదు. వాటి వాసన పొగాకుకు పడుతుంది.
2. చిన్న గాజు గిన్నెలో స్వేదనజలం పోసి పెట్టెలో ఉంచాలి. గిన్నెకు బదులుగా తడిపి పిండిన కొత్త స్పాంజిని ప్లాస్టిక్ పళ్ళెంలో ఉంచవచ్చు. తడి స్పాంజి చెక్కకు తగలకూడదు.
3. తట్టలు, అడ్డుచెక్కలు కూడా లోపలే ఉంచి మూత మూయాలి. వాటికీ తేమ పట్టాలి.
4. రెండు మూడు రోజులకు ఒకసారి చూసి, నీరు తగ్గితే తిరిగి నింపాలి.
5. వారం పది రోజుల తరువాత నీటిని తీసివేసి, రోజూ వాడబోయే తేమ పరికరాన్ని అమర్చాలి. ఒకటి రెండు రోజులు ఆర్ద్రత 70 శాతం దగ్గర కదలకుండా నిలిస్తే సీజనింగ్ పూర్తయినట్లు. పడిపోతే నీటి గిన్నెను మళ్ళీ పెట్టాలి.

తేమ సంచుల పద్ధతి

నీటి ఆవిరిని మాత్రమే పోనిచ్చే పొరలో ఉప్పుల సంతృప్త ద్రావణాన్ని నింపిన సంచులు మార్కెట్లో దొరుకుతాయి. బొవేడా సంస్థ సీజనింగ్ కొరకు 84 శాతం సంచులను తయారుచేస్తున్నది. వీటిని ఖాళీ పెట్టెలో రెండు వారాలు ఉంచి, తరువాత 65, 69 లేదా 72 శాతం సంచులను మార్చాలి. గాలి పొడిగా ఉంటే ఇవి తేమను ఇస్తాయి, తేమ ఎక్కువైతే పీల్చుకుంటాయి. నీటి గిన్నె తేమను ఇవ్వగలదే కాని తిరిగి తీసుకోలేదు.

తుడిచే పద్ధతి

స్వేదనజలంలో తడిపిన గుడ్డతో లోపలి చెక్కను తుడవడం పాత పద్ధతి. దీనితో పని త్వరగా అవుతుంది. కాని ఒక వైపే తడిసిన చెక్క ఉబ్బి వంకర పోవచ్చు, అతుకులు విడిపోవచ్చు. పలుచని చెక్క పొర అతికించిన పెట్టెలలో ఆ పొర లేచిపోయే ప్రమాదం ఉంది. వంకరపోయిన మూత తిరిగి బిగుతుగా పడదు కనుక, రెండు రోజుల తొందర వలన పెట్టె శాశ్వతంగా పాడు కావచ్చు.

సాధారణంగా జరిగే పొరపాట్లు

* కుళాయి నీరు వాడటం: దీనిలోని లవణాలు తేమ పరికరం రంధ్రాలను పూడ్చివేస్తాయి.
* సీజనింగ్‌కు ప్రొపిలీన్ గ్లైకాల్ వాడటం: స్వేదనజలంతో సమభాగాలుగా కలిపిన ఈ ద్రావణం ఆర్ద్రతను 70 శాతం దగ్గర ఉంచుతుంది, బూజును అడ్డుకుంటుంది. కనుక దీనిని తేమ పరికరంలో పోస్తారు. చెక్కకు పూయకూడదు.
* గాలిలోని సంఖ్యను చూసి మొదటి రోజే సిగార్లు పెట్టడం.
* పూర్తిగా ఎండిన సిగార్లను ఒక్కసారిగా ఎక్కువ తేమలో పెట్టడం: లోపలి పొగాకు ఉబ్బి పై ఆకు పగులుతుంది.

తరువాతి జాగ్రత్తలు

ఆర్ద్రత ఎక్కువ కాలం 75 శాతం దాటితే బూజు పట్టే అవకాశం పెరుగుతుంది. ఉష్ణోగ్రత 25 డిగ్రీలకు మించినప్పుడు పొగాకు పురుగు (లాసియోడెర్మా సెర్రికార్నె) గుడ్లు పొదిగి, లార్వాలు సిగార్లకు చిల్లులు చేస్తాయి. కనుక పెట్టెను ఎండ, వేడి తగలని చోట ఉంచాలి. చాలా నెలలు ఖాళీగా ఉండి ఎండిపోయిన పెట్టెకు మళ్ళీ సీజనింగ్ చేయవలసి ఉంటుంది.

ప్రసిద్ధమైన హ్యూమిడార్

1961లో అమెరికా అధ్యక్షుడిగా పదవి చేపట్టిన జాన్ ఎఫ్. కెనెడీకి హాస్యనటుడు మిల్టన్ బెర్ల్ ఒక హ్యూమిడార్‌ను బహూకరించాడు. 1996 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో సదబీస్ సంస్థ జరిపిన వేలంలో అది 5,74,500 డాలర్లకు అమ్ముడుపోయింది. దానిని సిగార్ అఫిషియొనాడో పత్రిక ప్రచురణకర్త మార్విన్ షాంకెన్ కొన్నాడు.

ఆంధ్ర ప్రాంతంలో

చుట్ట కూడా సిగార్ వలె పొగాకు ఆకునే చుట్టి చేసేది. గోదావరి లంకలలో పండే లంక పొగాకు చుట్టలకు పేరుపొందింది. పొగాకుపై పరిశోధనకు 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థను నెలకొల్పారు. కోస్తా జిల్లాలలో వర్షాకాలపు గాలిలోనే తేమ ఎక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడ హ్యూమిడార్‌కు తేమ తగ్గించవలసిన అవసరం రావచ్చు. రాయలసీమ, తెలంగాణ వేసవి పొడిగాలిలోను, ఎయిర్ కండిషనర్ ఉన్న గదులలోను చెక్క త్వరగా ఆరిపోతుంది.

ఆరోగ్యంపై ప్రభావం

హ్యూమిడార్ పొగాకు నాణ్యతను కాపాడుతుందే కాని దాని హానిని తగ్గించదు. సిగార్ పొగను లోపలికి పీల్చకపోయినా నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లు వచ్చే ప్రమాదం ఉంది. ఉత్తర కోస్తాలో కొందరు స్త్రీలలో ఉన్న అడ్డపొగ అలవాటు, అనగా నిప్పు ఉన్న కొనను నోటిలో ఉంచుకుని చుట్ట కాల్చడం, అంగిలి క్యాన్సర్‌కు కారణమవుతుంది.

ఇవి కూడా చూడండి

* పొగాకు
* చుట్ట
* సాపేక్ష ఆర్ద్రత
* మీలియేసి