గడియారం చూసుకుని వచ్చే తలనొప్పి

తలనొప్పి ఎరగని ఇల్లాలు ఉంటుందా? మనకది చుట్టం లాంటిది. పిల్లల పరీక్షలనో, ఎండనో ఏదో ఒకటి చెప్పుకుని, కణతలకింత అమృతాంజనం రాసుకుని పనిలో పడతాం. మా మేనమామకు వచ్చేది మాత్రం ఆ చుట్టం కాదు.

రొద్దంలో, పెన్న ఒడ్డున మా అవ్వ ఇల్లు. ఏటా కొన్ని వారాలపాటు రాత్రి రెండు కొట్టేసరికి మామ లేచి కూర్చునేవాడు. కుడికన్ను ఎర్రబడి నీళ్లు కారేది, ఆ పక్క ముక్కు మూసుకుపోయేది. పడుకోలేడు. వసారాలో అటూ ఇటూ తిరుగుతూ గోడకు తల కొట్టుకునేవాడు. గంట గడిచాక ఏమీ ఎరగనట్టు కాఫీ అడిగేవాడు.

"వాని నొప్పికి టైము తెలుస్తాదమ్మీ!" అనేది అవ్వ.

ఊళ్లో కొందరు దయ్యమన్నారు, కొందరు తాగుడన్నారు. తాయెత్తు కట్టారు. పట్నంలో ఒకాయన రెండు పళ్లు పీకాడు. నొప్పి మాత్రం వేళ తప్పలేదు. అమృతాంజనం డబ్బాలు ఎన్ని ఖాళీ అయ్యాయో! పాపం, ఆ డబ్బాను తప్పుపట్టలేం. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దాన్ని మొదలుపెట్టారు. ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక నడిచింది. 1937లో మన సీమవాళ్లూ సర్కారు జిల్లాలవాళ్లూ ఒప్పందం రాసుకున్నది కూడా మద్రాసులో ఆయన ఇంట్లోనే, శ్రీబాగ్‌లో. తెలుగువాళ్ల తలనొప్పి ఇంత పని చేసిపెట్టింది!

వేళ పాటించే తలనొప్పి కొత్తదేం కాదు. సుశ్రుతుడు చెప్పిన పదకొండు శిరోరోగాల్లో సూర్యావర్తం ఒకటి. పొద్దుతోపాటు కంటిమీద, కనుబొమమీద ఎక్కి, పొద్దుతోపాటే దిగుతుందట. మామది అర్ధరాత్రి వ్యవహారం కనుక అచ్చంగా అదేననలేను. 1745లో వాన్ స్వీటెన్ అనే యూరపు వైద్యుడు రాసిన రోగి కథ చదివితే మాత్రం నాకు మామే కనిపించాడు. రోజూ ఒకే వేళకు ఎడమకంటిపైన నొప్పి, కన్ను ఎర్రబడి నీళ్లు, గుడ్డు బయటికి తోసుకొస్తున్నట్టు బాధ! 1952లో అమెరికాలో దీనికి క్లస్టర్ అనే పేరు వచ్చింది. క్లస్టరంటే గుత్తి. మన అనంతపురం జిల్లా గుత్తి కాదు, ద్రాక్షగుత్తిలాగా కొన్ని వారాలు వరసగా వస్తుందని.

1998లో లండన్‌లో నొప్పి వచ్చిన వేళ మెదడును ఫొటో తీస్తే, అడుగున హైపోథాలమస్ అనే భాగం చురుకుగా కనబడింది. మన నిద్రకూ మెలకువకూ గడియారం తిప్పేది అక్కడే. అవ్వ మాట అబద్ధం కాలేదు!

అసలు పేరు బెంగుళూరులో తెలిసేసరికి మామకు అరవై దాటాయి. కాకరరసమనీ, ఉలవచారు మానమనీ ఊరంతా చెప్పిన పథ్యాలు చేసి చేసి చిక్కిపోయాడు. తిండితో ఇది కుదరదట. అయితే నొప్పులు వచ్చే వారాల్లో చుక్క మద్యం కూడదు. నిద్రవేళలు తప్పకూడదు, పగటినిద్ర, పెట్రోలు వాసన పడవు. నొప్పి మొదలవగానే ముఖానికి మాస్కు పెట్టుకుని నిమిషానికి 12 లీటర్ల ఆక్సిజన్ పదిహేను నిమిషాలు పీల్చాలి. 2009లో ప్రకటించిన పరీక్షలో నూటికి 78 సార్లు అలా నొప్పి తగ్గింది. మామూలు గాలి ఇస్తే తగ్గింది 20 సార్లే. రాకుండా ఆపడానికి వేరే మాత్రలున్నాయి, అవి గుండె పరీక్ష చేసి డాక్టరే ఇవ్వాలి.

ఇప్పుడు రొద్దం ఇంట్లో వేరుశనగ మూటల పక్కన సిలిండరుంది. మామ బీడీ మానేశాడు. దాని దగ్గర నిప్పు కూడదనేసరికి అత్త మాత్రం రెండురోజులు మూతి ముడుచుకుంది. చివరకు దేవుని గూడే పక్కగదికి మార్చింది.