గురి కుదిరిన తుపాకి

పులికాట్‌లో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టి, తర్వాత అక్కడే తుపాకిమందు తయారుచేయించి బటేవియాకు (నేటి జకార్తాకు) పంపేవారు. దానికి ఉత్తరాన, నెల్లూరు తీరంలోని దుగరాజపట్నంలో ఇంగ్లీషువారు 1626లో వర్తక స్థావరం పెట్టుకున్నారు. మందుకు కొదవ లేదు, గురే కుదిరేది కాదు. నునుపు గొట్టంలో వదులుగా ఉన్న సీసపు గుండు గోడలకు తగిలి, ఎటో ఒకవైపు తిరుగుతూ బయటపడేది. ఆ తిరుగుడే దాన్ని పక్కకు లాగేస్తుందని ప్రయోగాలతో తేల్చినవాడు ఇంగ్లీషు గణితజ్ఞుడు బెంజమిన్ రాబిన్స్. గుండు వేగాన్ని కొలవడానికి బరువైన లోలకాన్ని వాడిన తీరును వివరించే తన పుస్తకాన్ని 1742లో వెలువరించాడు. గొట్టం లోపల మెలితిరిగిన గాళ్లు చెక్కితే గుండు తన అక్షం చుట్టూ బొంగరంలా తిరిగి దారి తప్పదని 1747లో వాదించాడు. విచిత్రమేమిటంటే, ఆయన ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా ఈ తీరానికే వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు.

గాళ్లలోకి గుండును బలవంతంగా దిగగొట్టాల్సి రావడంతో ఈ గాళ్ల తుపాకి, అంటే రైఫిల్, చాలాకాలం నెమ్మదైన ఆయుధంగానే మిగిలింది. 1849 నాటి మినియే గుండు తేలిగ్గా దిగి, పేలినప్పుడు వ్యాకోచించి గాళ్లను పట్టుకునేది. ఆపైన ఫ్యాక్టరీ యంత్రాలు ప్రతి గొట్టాన్నీ ఒకే కొలతకు తెచ్చాయి.

పులికాట్ సరస్సులో బాతుల వేటకు మాత్రం ఇంత గురి అనవసరం. ఎగిరే పిట్టకు చెదిరే రవ్వలే నయం. 1972 వన్యప్రాణి చట్టం, 1976లో ఏర్పడిన నేలపట్టు పక్షుల అభయారణ్యం ఆ వేటకు అడ్డుకట్ట వేశాయి.