ముండేరా సంత రోజు

1922 ఫిబ్రవరి 4, శనివారం. గోరఖ్‌పూర్ జిల్లా డుమ్రీలో పొద్దున్నే జనం పోగయ్యారు. ఎక్కువమంది చిన్న రైతులు, కాంగ్రెస్, ఖిలాఫత్ వాలంటీర్లు. అహింస తప్పబోమని ప్రమాణ పత్రాలు ఇచ్చినవాళ్లు. ఆ ఉదయం వాళ్లను కుదిపేస్తున్న ప్రశ్న ఒక్కటే: భగవాన్ అహీర్‌ను దారోగా ఎందుకు కొట్టాడు?

భగవాన్ అహీర్ మాజీ సిపాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియా దాకా వెళ్లొచ్చి, సర్కారు పింఛను అందుకుంటున్నవాడు. ముండేరా బజారులో పికెటింగ్ దగ్గర కనబడేసరికి దారోగా గుప్తేశ్వర్ సింగ్ అతన్ని చావబాదాడు.

దారోగాను అడిగి తేల్చుకుని, ముండేరా సంతలో పికెటింగ్ చేద్దామని ఊరేగింపు కదిలింది. సంతకు వెళ్లే దారి చౌరీచౌరా ఠాణా ముందు నుంచే. అక్కడ తోపులాట మొదలైంది. పోలీసులు గాల్లోకి కాల్చారు. ఎవరికీ తగల్లేదు. గాంధీజీ మహిమకు తూటాలు నీళ్లైపోయాయని జనంలో కేక లేచింది.

నా మనసు ఈ కేక దగ్గరే ఆగిపోతుంది. ఏడాది కిందట, 1921 ఫిబ్రవరి 8న గాంధీజీ గోరఖ్‌పూర్ వచ్చి వెళ్లాక ఆయన మహిమల కథలు పల్లెపల్లెకీ పాకాయి, స్థానిక పత్రికలోనూ అచ్చయ్యాయి. పిలవగానే వేలమంది వస్తున్నారని మురిసిన జిల్లా నాయకులు, వాళ్లు ఏం నమ్మి వస్తున్నారో పట్టించుకోలేదు. తుపాకీ ముందు నిలబడాల్సిన మనిషికి కాగితం మీద ప్రమాణం తప్ప ఆ నాయకులు ఏం నేర్పారు?

రైలుకట్ట మీది కంకర రాళ్లు లేచాయి. ఈసారి తుపాకులు జనం మీదికే తిరిగాయి. ముగ్గురు చనిపోయారు. పోలీసులు ఠాణాలోకి దూరి తలుపులు వేసుకున్నారు. బజారు నుంచి కిరసనాయిలు వచ్చింది. 20 మందికి పైగా పోలీసులు, చౌకీదార్లు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లూ జీతం రాళ్ల కోసం వచ్చిన పేద ఇళ్ల బిడ్డలే. ఠాణా తగలబడుతుంటే జనం నోట వినబడింది గాంధీ మహారాజ్‌కీ జై.

ఆ జై వినాల్సిన మనిషి అప్పుడు బార్డోలీలో ఉన్నాడు. ఫిబ్రవరి 12న సహాయ నిరాకరణ ఉద్యమాన్ని ఆపించి, అయిదు రోజుల ఉపవాసానికి కూర్చున్నాడు. జైల్లో ఉన్న మోతీలాల్, జవహర్‌లాల్ మండిపడ్డారు. ఆయన తొణకలేదు. మార్చి 18న అహ్మదాబాద్ కోర్టులో ప్రభుత్వ న్యాయవాది చౌరీచౌరా నేరాన్ని ఆయన తలకు చుడితే, కాదనకుండా ఒప్పుకుని అతి పెద్ద శిక్ష వేయమని అడిగాడు. జడ్జి బ్రూమ్‌ఫీల్డ్ ఆరేళ్లు వేశాడు.

మన గుంటూరు జిల్లా పెదనందిపాడు రైతులు ఉద్యమం ఆగేనాటికి పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శిస్తు కట్టకుండా శాంతియుతంగా నిలబడి ఉన్నారు. ఆ పోరాటమూ ఆ ఫిబ్రవరిలోనే ఆగిపోయింది.

నిప్పు పెట్టిన చెయ్యి నేరం చేసిందే. అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ చెయ్యి దోషి అయినంత మాత్రాన మొదట లేచిన లాఠీ నిర్దోషి అయిపోదు. ఆ లాఠీ గురించి ఏ కోర్టులోనూ విచారణ జరగలేదు. దారోగా ఠాణాలోనే చనిపోయాడు. అలాంటి లాఠీలకు అలవాటుపడ్డ సర్కారేమో న్యాయపీఠం ఎక్కి కూర్చుంది.

సెషన్స్ కోర్టు 172 మందికి ఉరిశిక్ష వేసింది. మదన్‌మోహన్ మాలవీయ అలహాబాద్ హైకోర్టులో వాదించాక ఆ సంఖ్య 19కి తగ్గింది. 1923లో ఆ 19 మందినీ ఉరితీశారు.

ఇంత జనంలో ఎవరెవరిని పట్టుకోవాలో పోలీసులకు తెలియజెప్పినవాటిలో ఒక కాగితాల కట్ట ఉంది. హింస చేయబోమని వాలంటీర్లు పేర్లు రాసిచ్చిన ప్రమాణ పత్రాలు అవి.