భూమి ప్రశ్న నుండి దిగుబడి లెక్కకు: ఫోర్డ్ ఫౌండేషన్, పశ్చిమ గోదావరి ప్యాకేజీ కార్యక్రమం

ప్రవేశిక

దాతృత్వ సంస్థల చరిత్రను రెండు తీరుల్లో చెప్పడం మనకు పరిపాటి. కొందరు దానిని ఆసుపత్రుల, గ్రంథాలయాల, ఉపకార వేతనాల జాబితాగా చెబుతారు. మరికొందరు విదేశీ కుట్రగా చెబుతారు. ఒక సంస్థ ప్రభుత్వ విధానాన్ని ఏ మార్గంలో మలుస్తుందో ఈ రెండు కథనాల వల్లా తెలియదు. 1959–61 మధ్య భారత వ్యవసాయ విధానంలో ఫోర్డ్ ఫౌండేషన్ నిర్వహించిన పాత్రను, అందులో పశ్చిమ గోదావరి జిల్లాకు దక్కిన స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

మోటారు కార్ల సంపదతో అమెరికాలో 1936లో ఏర్పడిన ఈ సంస్థ తన తొలి విదేశీ కార్యాలయాన్ని 1952లో న్యూఢిల్లీలో తెరచింది. గ్రామీణ సమాజ శాస్త్రవేత్త డగ్లస్ ఎన్స్‌మింగర్ 1970 వరకు దాని ప్రతినిధిగా ఉన్నారు. నెహ్రూ, శాస్త్రి, ఇందిరా గాంధీల ప్రభుత్వాలను ఆయన ఒకే కుర్చీలో కూర్చుని చూశారు. మంత్రులకూ కార్యదర్శులకూ లేని ఈ నిలకడ, సంస్థ ఇచ్చిన ధనం కన్నా తక్కువ బలమైనది కాదని నా అభిప్రాయం.

రెండు పత్రాలు, ఒకే సంవత్సరం

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ భూకమతాలపై గరిష్ఠ పరిమితిని, ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని కోరుతూ తీర్మానించింది. దానిని వ్యతిరేకించిన వారిలో తెలుగువారికి సుపరిచితుడైన ఆచార్య ఎన్.జి. రంగా ముఖ్యులు. కాంగ్రెస్‌ను వీడి, అదే ఏడు స్థాపితమైన స్వతంత్ర పార్టీకి ఆయన తొలి అధ్యక్షులయ్యారు. భూమి ఎవరిదన్న ప్రశ్న అప్పుడు దేశ రాజకీయాలకు కేంద్రంగా ఉన్నది.

అదే సంవత్సరం ఏప్రిల్‌లో, ఫోర్డ్ ఫౌండేషన్ సమకూర్చిన అమెరికన్ వ్యవసాయ నిపుణుల బృందం భారత ఆహార సంక్షోభంపై నివేదిక సమర్పించింది. ఈ బృందం ప్రభుత్వ ఆహ్వానం మీదనే వచ్చింది. 1965–66 నాటికి దేశానికి 11 కోట్ల టన్నుల ఆహార ధాన్యాలు కావాలనీ, ఉత్పత్తి అప్పటి వేగంతోనే పెరిగితే 2.8 కోట్ల టన్నుల లోటు తప్పదనీ నివేదిక హెచ్చరించింది. భూసంస్కరణలను అది తిరస్కరించలేదు. సాగుదారుకు భద్రత ఉండాలన్నది; గరిష్ఠ పరిమితి విషయం త్వరగా తేల్చి అనిశ్చితిని తొలగించమన్నది. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. నాగపూర్ తీర్మానానికి భూమి పంపిణీ న్యాయసమస్య. నివేదికకు అది ఉత్పత్తికి అడ్డు తగులుతున్న అనిశ్చితి. సమస్య పేరు మారినప్పుడు పరిష్కారం వెదికే చోటు కూడా మారుతుంది. భూమి పంచవలసిన శాసనసభ నుండి ఎరువులు పంచే కార్యాలయానికి చర్చ చేరుకున్నది.

ఈ మార్పును డేనియల్, ఆలిస్ థోర్నర్‌లు ఆనాడే పసిగట్టి విమర్శించారు. అయితే నిపుణులే దేశాన్ని దారి మళ్ళించారనడం అతిశయోక్తి. భూస్వామ్య వర్గాల ప్రతిఘటన నివేదిక కన్నా ముందే ఉన్నది. ఆంధ్రప్రదేశ్ 1961లో చేసిన కమతాల పరిమితి చట్టం ఆచరణలో నీరుగారడానికి అమెరికన్ సలహా అక్కరలేకపోయింది. రాజకీయంగా చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న మాటను శాస్త్రం పేరిట చెప్పే వీలును మాత్రం నివేదిక కల్పించింది.

గోదావరి డెల్టాలో

1952 అక్టోబరు 2న ఆరంభమైన సమాజాభివృద్ధి పథకం వనరులను దేశమంతటా పలుచగా పరచింది. దానికి భిన్నంగా, ఫోర్డ్ సహాయంతో 1960–61లో మొదలైన సాంద్ర వ్యవసాయ జిల్లా కార్యక్రమం ఎంపిక చేసిన చోటనే వాటిని కుమ్మరించింది. తొలి ఏడు జిల్లాలు తంజావూరు, పశ్చిమ గోదావరి, షాహాబాద్, రాయ్‌పూర్, అలీగఢ్, లుధియానా, పాలి. నికరమైన నీటి వసతి, ప్రకృతి వైపరీత్యాల బెడద తక్కువగా ఉండడం, బలమైన సహకార సంఘాలు, త్వరగా దిగుబడి పెరిగే అవకాశం ఎంపికకు ప్రమాణాలు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుండి కాలువ నీరు పారుతున్న డెల్టా ఈ కొలతలకు సరిగ్గా సరిపోయింది. ఉన్నచోటికే మరింత చేర్చడం ఈ పథకంలో పొరపాటున జరిగింది కాదు, దాని సూత్రమే అది.

విత్తనం, ఎరువు, పురుగుమందు, అప్పు, సలహా ఒకే మూటగా అందడం వల్ల జనం దీనిని ప్యాకేజీ కార్యక్రమమన్నారు. ఆ మూటకు ముడి అప్పు. సహకార సంఘం అప్పిచ్చేది కాగితం చూసి. నోటిమాట మీద కౌలుకు చేసే రైతుకు కాగితం లేదు. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం ఉన్నా, కౌలు రాయించుకోగలిగినవారు అరుదు.

భాషా విద్యార్థిగా ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడినప్పుడు ‘అభ్యుదయం’ అంటే దోపిడీని ప్రశ్నించడం. వ్యవసాయ శాఖ పరిభాషలోకి వచ్చిన ‘అభ్యుదయ రైతు’ కొత్త వంగడం వేసి, మోతాదు ప్రకారం ఎరువు చల్లేవాడు. ఒకే పదం రెండు లోకాలకు చెందింది. రెండవ అర్థమే నేటి వార్తాపత్రికల్లో నిలిచింది.

ఫ్రాన్సిన్ ఫ్రాంకెల్ 1971లో ప్రచురించిన అధ్యయనంలోని ఐదు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. దిగుబడి పెరిగిందనీ, ఫలితంలో అధికభాగం పెద్ద కమతాలవారికి చేరిందనీ ఆమె గుర్తించారు. దిగుబడి పెరుగుదలను తక్కువ చేసి చూడడం న్యాయం కాదు. 1965, 1966 కరువుల్లో అమెరికా గోధుమ ఓడల కోసం ఎదురుచూసిన దేశానికి ధాన్యం ప్రాణావసరం. కాని ఆ ధాన్యాన్ని పండించిన కౌలుదారు, లెక్కలో ఎక్కడా కనిపించలేదు. అతనికి రుణ అర్హత కార్డు ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2011లో ప్రత్యేక చట్టం చేసింది. ప్యాకేజీ కార్యక్రమం మొదలై అప్పటికి అర్ధశతాబ్దం గడిచింది.