రవ్వల కమ్మలు: మన పెద్దల ఎన్నిక

బేరిగై, బాగలూరు, సూళగిరి ప్రాంతముల తెలుగు కుటుంబములలో ఆడుబిడ్డకు పెట్టు నగలన్నిటిలో రవ్వల కమ్మలకున్న గౌరవము వేరు. గొలుసు తెగినచో అతికింతుము. గాజులు అరిగినచో కరిగింతుము. కమ్మలు మాత్రము తల్లి చెవి నుండి కూతురి చెవికి, అచటి నుండి మనుమరాలి చెవికి పోవుచుండును. అందుచేతనే మన పెద్దలు పొలము కొనునపుడు చూపిన జాగ్రత్తనే కమ్మలు కొనునపుడును చూపిరి.

కమ్మ యను మాట నిజమునకు ఆకు పేరు. తాటాకును చుట్టగా చుట్టి చెవితమ్మెలోని బెజ్జమున పెట్టుకొను కాలమున ఈ పేరు కలిగినది. తాటాకుపై వ్రాసిరి గనుక జాబునకును కమ్మ యనియే పేరు. మన పొరుగు కన్నడిగులు ఈ నగను ఓలె యందురు. తమిళులు తోడు అందురు. అవియును ఆకు పేర్లే. మూడు భాషలు ఒక్క సంతలో వినబడు బేరిగై వంటి ఊరిలో ఈ పోలిక గమనింపదగినది. ఆకు పోయి బంగారము వచ్చినది, బంగారము నడుమ రాయి వచ్చినది. పేరు మాత్రము మూడు భాషలలోను ఆకు పేరే నిలిచినది.

ఆ రాయి మొదట మన తెలుగు నేలదే. 1720 ప్రాంతమున బ్రెజిల్ గనులు బయటపడు వరకు లోకమునకు వజ్రములను పెట్టినది ప్రధానముగా మన దేశమే; అందులోను కృష్ణా, పెన్నా తీరములే. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ 17వ శతాబ్దమున కొల్లూరు గనిని స్వయముగా చూచి, అచట అరువదివేల మంది పనిచేయుచుండిరని వ్రాసెను. అతడు ఆ చోటును గని యను తెలుగు మాటతోనే పేర్కొనెను. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయపు నీటిలో మునిగియున్నది. వజ్రకరూరు, జొన్నగిరి పొలములలో మాత్రము తొలకరి వాన పడగానే జనులు నేటికిని రాళ్లు వెదకుచునే యున్నారు.

1676లో వెలువడిన టావెర్నియర్ గ్రంథమున మనకు అక్కరకు వచ్చునది గనుల వర్ణనకంటె బేరముల వర్ణన. అమ్మువాడును కొనువాడును ఎదురెదురుగ కూర్చుండి, గుడ్డ చాటున చేతులు కలిపి, నోట మాట లేకుండ ధర తేల్చుకొనెడివారట. చేయి మొత్తము పట్టినచో వేయి, ఒక వ్రేలు పట్టినచో నూరు, నడిమి కణుపు వరకు పట్టినచో ఏబది, కొన మాత్రము పట్టినచో పది. చుట్టు పదిమంది నిలిచి చూచుచున్నను ధర ఆ యిరువురికే తెలియును. ఇక రాతిని పరీక్షించు తీరు. ఐరోపావారు పగటి వెలుతురున చూతురనియు, ఇచటివారు రాత్రివేళ గోడగూటిలో దీపముంచి, రాతిని వ్రేళ్ల నడుమ పట్టి చూతురనియు అతడు వ్రాసెను. రాతి నీరు నీలి చాయకు దిగినదా యని తెలియవలెనన్న దట్టమైన చెట్టు క్రిందికి కొనిపోయి, ఆ పచ్చని నీడలో చూడవలెనట. తూనికకు మంజాడి గింజను వాడెడివారు. ఆ తెలుగు మాటయే పాశ్చాత్యుల వ్రాతలలో మాంజెలిన్ అయినది.

బేరమునకు మరియొక సాక్ష్యము మదరాసున కలదు. గవర్నరు థామస్ పిట్ 1702 ప్రాంతమున 410 క్యారట్టుల ముడిరాతిని జంచందు అను వర్తకుని వద్ద కొనెను. వర్తకుడు మొదట చెప్పినది రెండు లక్షల వరహాలు. తుదకు తెగినది నలుబది యెనిమిది వేలకు. ఆ రాయి 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి చేరి, నేడు పారిసులోని లూవ్ర్ ప్రదర్శనశాలలో నున్నది. రెండు లక్షలు నలుబది యెనిమిది వేలకు దిగిన సంగతి, మొదటి ధరకు తల యూపు నేటి కొనుగోలుదారులు తెలిసికొనవలసినదే.

మన అవ్వల చెవులకు ఎక్కిన రాళ్లలో పెక్కు తెలుగు గనులవి కావు. 19వ శతాబ్దము నాటికి ఆ గనులు ఉడిగిపోయినవి. 1870లో దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటీన్ అను చోట వజ్రములు దొరకినవి. అచటి రాళ్లలో నీలి మెరుపు గల తెల్లనివి ప్రసిద్ధి కెక్కినవి. మదరాసు, బెంగుళూరు వర్తకులు మేలైన తెల్లరాతికి జాగర్ అని, బ్లూ జాగర్ అని పేరు పెట్టినది ఆ ఊరిని బట్టియే. గని 1971లో మూతబడినది, పేరు మాత్రము అంగళ్లలో నిలిచినది. కనుక నేడెవరైనను జాగర్ రాయి యన్నచో అది రంగును గూర్చిన పొగడ్త యని గ్రహింపవలెనే గాని, గని చిరునామా యని తలపరాదు.

1799లో శ్రీరంగపట్టణము పతనమైన పిమ్మట మా హోసూరు సీమ కుంపిణీ వశమై సేలము జిల్లాలో చేరినది. 1965లో ధర్మపురి జిల్లాకును, 2004లో కృష్ణగిరి జిల్లాకును మారినది. జిల్లా మారినను అంగడి మారలేదు. బేరిగై వారికి పెద్ద బేరమన్న బెంగుళూరు చిక్కపేట, నగర్తపేటలే. చింతపండో, పట్టుగూళ్లో అమ్మిన సొమ్ము చెంగున ముడివేసికొని ఉదయముననే బయలుదేరెడివారు. ఉదయమున పోవుటలో అర్థమున్నది. దీపముల క్రింద ఏ రాయి యైనను తళుక్కుమనును. పెద్దలు రాతిని కాగితపు మడతలో పెట్టి వాకిటికి తెచ్చి, ఒకమారు ఎండలోను ఒకమారు నీడలోను చూచెడివారు. కొన్ని రాళ్లు ఎండలోని అతినీలలోహిత కిరణములు సోకినపుడు నీలముగ వెలుగును. ఆ నీలము రాతిలోని లేత పసుపును కప్పివేయును. ఎండలో మాత్రమే చూచినవాడు పసుపురాతిని తెల్లరాతి వెలకు కొనును. ఈ శాస్త్రకారణము వారికి తెలియకపోవచ్చును, నీడలో చూడవలెనన్న నియమము మాత్రము తెలియును.

ఏడురాళ్ల కమ్మ మన ప్రాంతమున ఇంతగ వ్యాపించుటకు అందమొక్కటియే కారణము కాదని మా యభిప్రాయము. వజ్రపు వెల తూకమును బట్టి సమముగ పెరుగదు. వర్గముగ పెరుగునని పాత సూత్రము. పది సెంట్ల రాళ్లు ఏడు కలసి డెబ్బది సెంట్లు. డెబ్బది సెంట్ల ఒంటిరాయి వెల ఆ సూత్రము చొప్పున ఈ ఏడు రాళ్ల మొత్తము వెలకు ఏడు రెట్లగును. నేటి విపణిలో లెక్క అంత ఖచ్చితముగ నిలువకపోయినను దారి అదియే. నడుమ నొకటి, చుట్టు ఆరు పొదిగినచో చూపునకు ఒక్క పెద్ద రాతివలెనే యుండును. కొలదిపాటి సేద్యగాండ్ర యిండ్లకు వజ్రము వచ్చిన త్రోవ ఇది. అయితే పదునాలుగు రాళ్లకు చాయ కుదుర్చుట సామాన్యము కాదు. ఒక్క రాయి మసకగ నున్నను కన్ను అచటికే పోవును. అందుచేత రాళ్లను విడిగ, బంగారమున పొదుగకముందే చూచి ఎన్నుకొనెడివారు. రాయి వెనుక రేకు వేసి మూసిన కట్టులో దోషము దాగును; వెనుక తెరచిన కట్టులో వెలుతురు దూరి గుణమును దోషమును రెండును చూపును. కాకిపాదము, చుక్క, గీత యని మన రత్నశాస్త్రములు చెప్పిన దోషములను వెదకుటయు అప్పుడే. కొందరు వర్తకుని యొద్ద చెప్పి రాళ్లను నాలుగు దినములు ఇంట నుంచుకొని, అచ్చివచ్చునో రాదో చూచెడివారు. దీనిని మూఢనమ్మకమని నవ్వుట సులభము. కాని ఆ నాలుగు దినములలో మరి యిద్దరు కంసాలులకు చూపి విలువ తెలిసికొనుట కూడ జరిగెడిది.

ఇంత శ్రద్ధ ఏల? ఆడుదానికి తనదని చెప్పుకొను ఆస్తి అదియే గనుక. స్త్రీధనముపై ఆమెకు శాస్త్రము హక్కునిచ్చినను, పుట్టినింటి భూమిలో భాగము లేకుండెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీ ఆస్తిపై ఆమెకు సంపూర్ణాధికారము నొసగినది. పిత్రార్జితమున కుమార్తెకు కుమారునితో సమభాగమును ఆంధ్రప్రదేశము 1985లోను, తమిళనాడు 1989లోను, కర్ణాటకము 1994లోను ఇచ్చినవి. దేశమంతటికిని 2005లో వచ్చినది. బేరిగైలో పుట్టి మాలూరునకో కుప్పమునకో కోడలైన స్త్రీకి ఎల్లకు ఒక్కొక వైపున ఒక్కొక యేడు చట్టము మారినది. చెవి కమ్మలకు మాత్రము ఎల్ల లేదు. భర్త యొద్దనో, అత్తవారి పెట్టెలోనో ఉన్నను అవి ఆమెవే యని, ఉంచుకొన్నవారు ధర్మకర్తల వంటి వారని 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కరవునాట కమ్మలు కుదువబెట్టి విత్తనములు తెచ్చిన కథ మనలో ఏ యింట లేదు? కుదువ నుండి అవి తిరిగి వచ్చినవా, రాలేదా యనునదియే ఆ యిండ్ల నిజమైన చరిత్ర.

1963 జనవరిలో స్వర్ణ నియంత్రణము వచ్చి, పదునాలుగు క్యారట్టులకు మించిన స్వచ్ఛతతో క్రొత్త నగలు చేయరాదనినప్పుడు కంసాలుల బ్రదుకులు చితికిపోయినవి. ఆ నియంత్రణ చట్టము 1990లో గాని రద్దు కాలేదు.

నేటి కొనుగోలు వేరు. ప్రపంచమున సానపట్టబడు రాళ్లలో అత్యధికము సూరతు నుండి వచ్చుచున్నవి, రంగునకు డి మొదలు జడ్ వరకు అక్షరములున్నవి, ధ్రువపత్రము లున్నవి. ఇవి మేలే. కాని కొన్ని సంగతులు మనవారు మరచుచున్నారు. కమ్మ మీది హాల్‌మార్కు ముద్ర బంగారపు స్వచ్ఛతను చెప్పునే గాని రాతిని గూర్చి ఏమియు చెప్పదు; రాతికి వేరుగ పత్రము కావలెను. బంగారపు తూకము నుండి రాళ్ల తూకము తీసివేసిరా యని చూడవలెను. అయిదు క్యారట్టులు ఒక గ్రాము. జతకు ఒక క్యారట్టన్నచో ఒక్కొక కమ్మకు అరక్యారట్టే యని గుర్తుంచుకొనవలెను. యంత్రశాలలో పెంచిన వజ్రము కూడ వజ్రమే; కంటికిగాని, వేడిని బట్టి పరీక్షించు చేతి పరికరమునకుగాని భేదము తెలియదు. దినము పెట్టుకొనుటకు దానిని కొనుటలో తప్పు లేదు. అయితే దాని వెల కొన్నియేండ్లుగా పడిపోవుచున్నది గనుక, బిడ్డకు ఆస్తిగా ఇచ్చు కమ్మలకు అది తగదని మేము తలతుము.

పాత కమ్మల కాంతి తగ్గినదని ఇచ్చివేసి క్రొత్తవి తెచ్చుకొనువారు మన కుటుంబములలో పెరుగుచున్నారు. వజ్రము కాంతి తగ్గదు. అది నీటిని పట్టదు, జిడ్డును మాత్రము గట్టిగ పట్టును; తలనూనె, పసుపు వెనుక చేరి మసక కమ్మును. తెరచిన కట్టు అయినచో గోరువెచ్చని కుంకుడురసమున కొంతసేపు నానవేసి, మెత్తని కుంచెతో రుద్దినపిమ్మట చూచి, అమ్ముటయో మానుటయో అప్పుడు నిర్ణయించుకొనవలెను. రేకు వేసిన మూతకట్టును మాత్రము నీట ముంచరాదు.

ఇద్దరు కుమార్తెలున్న యింట ఒక జత కమ్మలను పంచుట మరియొక చిక్కు. ఒక్కొకరికి ఒక్కొక కమ్మ యిచ్చి క్రొత్తరాళ్లతో జత చేయింప బోయినచో పాత సాన వెలుగు, క్రొత్త సాన వెలుగు కలియవు. దీనికి తేలిక యుపాయ మొకటి కలదు. ఒక కమ్మలోని ఏడు రాళ్లను విప్పి, మూడేసి రాళ్లతో రెండు చిన్న కమ్మలు కట్టించి, నడిమి రాతిని ముక్కుపుడకగ చేయించినచో ఇద్దరికిని జతయు కుదురును, అవ్వ రాళ్లును నిలుచును.