బండి బరువు: కాడి నుండి పికప్ దాక

రాజుల చరిత్రమును, యుద్ధముల చరిత్రమును వ్రాసినవారు పెక్కుమంది కలరు. బరువుల చరిత్రమును వ్రాసినవారు అరుదు. అయినను మనుష్యుడు బరువును ఒకచోట నుండి మఱియొకచోటికి చేర్చ నేర్చిన పిమ్మటనే గాదెలు నిండినవి, కోటలు లేచినవి, సంతలు సాగినవి. ఆ చరిత్రములో నొక చిన్న అధ్యాయమును మీకు మనవి చేయదలచితిని. బండిపై బరువును ఎంత వేయవలెను, ఎట్లు వేయవలెను, ఆ హద్దును నిర్ణయించువాడెవడు అనునదే నా విషయము. నేడు గ్రామములందు చిన్న పికప్ బండ్లు విరివిగా తిరుగుచున్నవి గనుక, ఇది పాత ముచ్చట మాత్రమే కాదు.

మొదట మన ఎడ్లబండిని చూతము. రెండు చక్రములు, ఒక ఇరుసు, నొగలు, కాడి, రెండెడ్లు. బస్తాలు ముందుకు జరిగినచో కాడి ఎడ్ల మెడలపై అణగును. వెనుకకు జరిగినచో కాడి పైకి లేచి పలుపులు మెడలను బిగించును. అందుచేత మన పూర్వులు బరువును ఇరుసునకు ముందు వెనుకల తూకముగా సర్ది, కాడి మెడపై తేలికగా ఆనినదని చూచుకొనిన పిమ్మటనే ఎడ్లను అదలించెడివారు. గడ్డిని ఎంత ఎత్తు వేసినను, మోకుతో బిగించి కట్టనిదే బండిని కదలనిచ్చెడివారు కారు. ఈ శాస్త్రమును వారు బడిలో చదివినది లేదు. దానిని నేర్పిన గురువు ఎద్దు. బరువు మితిమీరినచో ఎద్దు రొప్పును, నురుగులు క్రక్కును, మోకాళ్లపై కూలబడును, ములుకోలతో పొడిచినను కదలదు. అనగా ఎడ్లబండికి హద్దు బండిలోనే యుండెను. ఆ హద్దునకు ప్రాణముండెను.

ఆ మూగజీవి మొఱ నాలకింపనివారును లేకపోలేదు. అందుచేతనే మన దేశమున 1960లో జంతుహింసా నివారణ చట్టమును, 1965లో బరువులాగు పశువులను గూర్చిన నియమములును వచ్చినవి. రెండు చక్రముల బండికి కట్టిన చిన్న ఎద్దునకు, గాలిటైర్లు లేనిచో 500 కిలోలు, ఉన్నచో 750 కిలోలు హద్దని ఆ నియమములు చెప్పుచున్నవి. ఎద్దు అదియే, చక్రము మాఱగానే హద్దు మాఱినది. బరువు లెక్క లాగుదాని బలమును బట్టియే కాక, మోయుదాని కట్టడిని బట్టియు నుండునని దీనివలన తెలియుచున్నది.

అయితే ప్రాణము లేని వాహనమునకు హద్దు ఎట్లేర్పడవలెను? ఈ ప్రశ్న సముద్రముపై గట్టిగా వినబడినది. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో కొందఱు ఓడల యజమానులు పాత ఓడలకు బీమా చేయించి, వానిని మితిమీరిన సరుకుతో నింపి పంపుచుండిరి. ఓడ చేరినచో లాభము. మునిగినచో బీమా సొమ్ము. పోవునవి నావికుల ప్రాణములు మాత్రమే. డర్బీ పట్టణము తరఫున పార్లమెంటు సభ్యుడైన సామ్యుయేల్ ప్లిమ్సాల్ 1873లో దీనిపై గ్రంథము వ్రాసి, పట్టువిడువక పోరాడెను. 1876లో చట్టము వచ్చి, ప్రతి ఓడ ప్రక్కను బరువు గీత యుండవలెనని శాసించెను. కాని ఆ గీతను ఎక్కడ గీయవలెనో యజమానియే నిర్ణయించుకొనవచ్చునట! కావున ఆ చట్టమువలన కలిగిన మేలు స్వల్పము. 1890లో గీత యుండవలసిన చోటును ప్రభుత్వమే నిర్ణయించునట్లు శాసనము మాఱిన పిమ్మటనే దానికి విలువ వచ్చినది. కాకినాడ, విశాఖపట్టణము రేవులలో ఓడలను చూచినవారు ఆ గీతను చూచియే యుందురు. దాని నీతి ఇది: హద్దు గీత యున్నంత మాత్రమున చాలదు, లాభము పొందువాని చేతికి ఆ గీతను గీయు కుంచె నీయరాదు.

ఇక పికప్ బండి కథ. అమెరికాలో రైతులు తమ కార్ల వెనుకభాగమును తామే కోసి, కొయ్యపెట్టెలు బిగించుకొని పాలు, కూరగాయలు, ధాన్యము తోలుకొనుచుండిరి. ఇది చూచి ఫోర్డు కంపెనీ 1925లో కర్మాగారమునందే తొట్టిని అమర్చి, టి మోడలు బండిని 281 డాలర్లకు అమ్మెను. ఆ తొట్టి పొడవు 56 అంగుళములు; వెనుక దింపుడు తలుపు కలదు. మన తెలుగుదేశమునకు వచ్చినచో, హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపానుదేశపు నిస్సాన్ కంపెనీతో కలిసి 1980ల దశకమున జహీరాబాదులో తేలిక లారీలను చేయించెను. 2005లో టాటా వారి ఏస్ వచ్చిన పిమ్మట చిన్న సరుకుల బండి ఇరుకు సందులకు సైతము చేరినది. ఎడ్లబండి చేయు పనిలో చాలభాగమును నేడు ఇట్టి బండ్లే చేయుచున్నవి.

ఇక్కడనే చిక్కు వచ్చినది. ఇంజను రొప్పదు, కూలబడదు. మితిమీరిన బరువుతోను కొంతదూరము పోవును. పోయినది గదా యని తోలువాడు ధైర్యపడును. ఎద్దు చెప్పుచుండిన మాటను ఇప్పుడు కాగితము చెప్పవలసి వచ్చినది. 1939 నాటి మోటారు వాహనముల చట్టమును, దాని స్థానమున వచ్చిన 1988 నాటి చట్టమును ఈ పనియే చేసినవి. రిజిస్ట్రేషను పత్రమునందు ఖాళీ బండి బరువును, సరుకుతో కలిపి మించరాని బరువును వ్రాయబడియుండును. రెండవదానినుండి మొదటిదానిని తీసివేసినచో మిగిలినదే మీరు వేయదగిన బరువు. తోలువాని బరువును, తోడు కూర్చున్నవాని బరువును అందులోనివే. 750 కిలోలు మిగిలిన బండిలో 75 కిలోల ధాన్యపు బస్తాలు పది వేసినచో మనుష్యులకు లెక్క మిగులదు. 2019 నాటి సవరణ ప్రకారము అధిక బరువునకు 20,000 రూపాయల జరిమానా. మించిన ప్రతి టన్నునకు మఱి 2,000.

కాని యిచ్చటను ప్లిమ్సాల్ నాటి దొంగగీత మరల కనబడుచున్నది. కొందఱు కమానుకట్టకు అదనపు పట్టీలు వేయించి, బండి బలిసినదని తలచెదరు. కమాను బలిసినంత మాత్రమున బ్రేకులు బలియవు, టైర్లు బలియవు, ఇరుసు బలియదు. అది యజమాని తనకై తాను గీసికొనిన గీత.

బరువు మితములో నున్నను, దానిని ఉంచిన చోటు ముఖ్యము. పికప్ తొట్టిలో బరువు వెనుక ఇరుసునకు ఆవల పడినచో, ముందు చక్రములు తేలికయై స్టీరింగు మాట వినదు. కాడి పైకి లేచిన బండి వంటిదే. కావున మిక్కిలి బరువైన వస్తువును ముందు గోడకు ఆనించి, అడుగున, నడుమను ఉంచవలెను. కట్టుట మఱియు ముఖ్యము. బ్రేకు వేసినప్పుడు ఆగునది బండి. సరుకు ముందుకు పోవ జూచును. వేగము రెట్టింపైనచో సరుకులోని చలనశక్తి నాలుగు రెట్లగును. 2004 నుండి అమలులో నున్న అమెరికా నియమముల ప్రకారము, కట్టు ముందువైపునకు వస్తువు బరువులో పదింట ఎనిమిది వంతుల పోటును, ప్రక్కలకును వెనుకకును సగము పోటును తట్టుకొనవలెను. 500 కిలోల యంత్రమైనచో ముందుకు 400, ప్రక్కలకు 250 కిలోల పోటు అన్నమాట. బరువున్నది గనుక కదలదనుట భ్రమ. బరువున్నది గనుకనే, కదలినప్పుడు ఆపలేము.

బరువు ఒరిగినచో ఏమగునో మనవారు కన్నులార చూచిరి. రాయగిరి కొండలో మలచిన బుద్ధవిగ్రహము, మూడువందల టన్నులకు మించిన ఏకశిల, 1988లో అనేక చక్రముల వాహనముపై హైదరాబాదునకు క్షేమముగా చేరెను. కాని 1990 మార్చి 10వ తేదీన హుస్సేన్ సాగరమున దానిని తరలించుచున్న పడవ ఒరిగి, విగ్రహము నీట మునిగెను, పలువురు మరణించిరి. 1992లో దానిని పైకి తీసి నిలబెట్టిరి. విగ్రహము తిరిగి వచ్చినది, మనుష్యులు రాలేదు.

పెద్దలారా, నాకు మిక్కిలి చింత కలిగించునది సరుకుపై ఎక్కి కూర్చుండు మనుష్యుల సంగతి. నాట్లకు, మిరపకోతకు, పెండ్లికి, జాతరకు ఆడువారిని, పిల్లలను సరుకుల తొట్టిలో నిలబెట్టి తోలుట మనము చూచుచున్నాము. బస్తాను కట్టిన మోకు మనుష్యుని కట్టదు. ఆపద వచ్చినచో చట్టమునందలి చిక్కును వినుడు. 1994 సవరణవలన సరుకు యజమానికిగాని అతని ప్రతినిధికిగాని తప్పనిసరి బీమాలో చోటు దొరికినది. సరుకుల బండిలో ఊరక ఎక్కినవారికి ఆ రక్షణ లేదని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పినది. కాలు విరిగిన కూలిమనిషి బీమా కంపెనీ గడపవద్ద నిలుచుటకు హక్కు లేనిదగును. బండి యజమాని పేదవాడైనచో తీర్పు కాగితము మాత్రమే మిగులును.

ఎడ్లబండి కాలమున, బరువు ఎక్కువైనదని ఎద్దు చెప్పెడిది. నేడు ఆ మాట చెప్పగలవారు ఊరిలో మీరే. బండి కదలకముందు మూడు ప్రశ్నలడుగుడు: పత్రములో వ్రాసిన బరువెంత, వేసినదెంత? బరువు ముందు గోడకు ఆని, కట్టుబడి యున్నదా? సరుకుపై మనుష్యులున్నారా? మూడవదానికి ఔనని బదులు వచ్చినచో, కొందఱు నొచ్చుకొన్నను, వారిని దింపిన పిమ్మటనే బండిని పోనీయుడు.